అమ్మ పోయి నెల కాలేదు, ఇంట్లో అమ్మాయి పెళ్ళి. డప్పు పెట్టించొచ్చా?

దీపాల వేళ:
అందరికీ షాలోమ్. చాలా రోజులకి రాస్తున్నాను. మాది గుంటూరు జిల్లా, చేబ్రోలు పక్కన, యూదు పద్ధతులు పాటించే తెలుగు కుటుంబం. మా అమ్మ పోయి ఇవాళ్టికి 19 రోజులు. పెద్దమ్మాయి పెళ్ళి పోయిన పర్ణశాలల పండగప్పుడే ఖాయం చేసుకున్నాం, హాలుకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. సరిగ్గా లెక్కేస్తే పెళ్ళి రోజు అమ్మ పోయిన 33వ రోజు అవుతుంది.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ చర్చికి వెళ్ళేవాళ్ళే, మిగతా ఊరంతా వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. ఏటి సూతకంలో పెళ్ళేంటి అని ఒకరు, ఏడాది లోపల చేస్తేనే మంచిది లేకపోతే మూడేళ్ళు ఆగాలి అని ఇంకొకరు. పైగా మేం మంగళవారం పెట్టుకున్నాం. మంగళవారం పెళ్ళా అని నోళ్ళు నొక్కుకోవడమే. సృష్టి చేసిన మూడో రోజున దేవుడు "మంచిది" అని రెండుసార్లు అన్నాడు, అందుకే మాకు మంగళవారం మంచిది అని చెబితే ఎవరికీ ఎక్కదు. (హాలు అద్దె మంగళవారం తక్కువ, ఆ సంగతి మాత్రం అందరికీ అర్థమైంది.)

అదంతా సరే. అమ్మ కోసమో నాన్న కోసమో దుఃఖంలో ఉన్నవాళ్ళు 12 నెలలు పాటకీ వాద్యానికీ దూరంగా ఉండాలి అని నేర్చుకున్నాం కదా. మరి నా కూతురి పెళ్ళిలో నేనెక్కడ ఉండాలి? డప్పు వద్దని చెప్పాలా? అల్లుడి వాళ్ళు ముందే మాట్లాడి పెట్టుకున్నారు. అసలు నిజం చెప్పాలంటే నాకే భయంగా ఉంది, ఆ రోజు నవ్వగలనా అని కాదు, ఎక్కడ నవ్వేస్తానో అని.

పొన్నూరు రోడ్:
అక్కా, ముందు అమ్మమ్మ గురించి విని చాలా బాధేసింది. చిన్నప్పుడు సబ్బాతు (శనివారం) రోజు సమాజమందిరం నుంచి వచ్చేటప్పుడు మా అందరి జేబుల్లో పల్లీలు పోసేది. నేను బెంగళూరులో ఉండటం వల్ల రాలేకపోయాను, ప్రార్థనకి కావాల్సిన పదిమంది లెక్కకి ఇబ్బంది కాలేదు కదా?

దీపాల వేళ:
లేదు తమ్ముడూ, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. రోజూ పదిహేను మంది దాకా వచ్చారు. పొలం నుంచి అలాగే మట్టికాళ్ళతో వచ్చి కడ్డీష్‌కి (పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన) నిలబడి వెళ్ళారు. రెండో ఇంటి వాళ్ళు ఉడకబెట్టిన గుడ్లు, ఎర్రపప్పు తెచ్చిపెట్టారు మొదటి రోజు.

బాపట్ల టు ఎడిసన్:
అక్కగారూ, మీ అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలి. నేను పుట్టుకతో యూదుణ్ణి కాదు, చేరినవాణ్ణి, కాబట్టి నాకు తెలిసింది క్లాసులో కూర్చుని నేర్చుకున్నదే, తప్పుంటే పెద్దలు దిద్దండి.

పెళ్ళికూతురికి అడ్డేమీ లేదు. దుఃఖం పాటించాల్సిన వాళ్ళు ఏడుగురే: అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య లేదా భర్త. మనవరాలు ఆ లెక్కలోకి రాదు. ఏడుస్తుంది, అది వేరే సంగతి. 30 రోజులు దాటాక పెళ్ళి కాబట్టి ఆ రకంగానూ ఇబ్బంది లేదు. మిగిలింది మీరు.

మా రబ్బీని (మత గురువుని) ఇలాంటిదే ఒకసారి అడిగాను. ఆయన చెప్పింది నాకు భలే నచ్చింది. సొంత బిడ్డ పెళ్ళికి రావద్దని ఎవరూ అనరు, కానీ మనసుకి ఇబ్బందిగా ఉంటే పని పెట్టుకోమంటారు. తూర్పు యూరప్ వాళ్ళలో పాత ఆచారం, దుఃఖంలో ఉన్నవాడు పెళ్ళికి అతిథిగా కూర్చోకుండా వడ్డించేవాడిగా వెళ్తాడు. పాట చెవిన పడుతుంది, కానీ పాట కోసం వచ్చినవాడు కాదు. చేతిలో గిన్నె ఉంటుంది.

పొన్నూరు రోడ్:
వడ్డనా? అక్కని బంతి దగ్గర ఆపడం ఎవరి తరమూ కాదు, ఎవరి పెళ్ళైనా సరే 😀

సికింద్రాబాద్ మలీదా:
నేనొక మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఏడవడానికి కూడా టైమ్ టేబుల్ ఏంటండీ మనకి? ఏడు రోజులు, ముప్పై రోజులు, పన్నెండు నెలలు.

మేం బెనె ఇజ్రాయేల్ యూదులం, కొంకణం నుంచి వచ్చినవాళ్ళం. నాన్న రైల్వేలో పనిచేయడం వల్ల సికింద్రాబాద్‌లో పెరిగాను, ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు. మా అమ్మ పస్కాకి (ఐగుప్తు నుంచి విడుదలైనందుకు చేసుకునే పండగ) రెండు రోజుల ముందు పోయింది. మధ్యాహ్నం ఖననం. ఇంటికొచ్చి నేల మీద కూర్చున్నాం, అద్దాలకి దుప్పట్లు కప్పాం. మర్నాడు పొద్దున పోస్ట్‌మాన్ ఆమె పేరు మీద ఒక ఉత్తరం తెచ్చాడు, దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను చాలాసేపు. ఆ తర్వాతి రోజు సాయంత్రానికి పండగ. పండగ వస్తే ఇంట్లో కూర్చుని ఏడ్చే ఆ ఏడు రోజులు అక్కడితో సరి, మిగతావి రద్దు. లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల ముందు కూర్చుని "ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు భిన్నం" అని మా చిన్నాడు అడుగుతుంటే వినాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. అదే ఆమె నాలుగు రోజులు ఆగి పండగ మధ్యలో పోయుంటే, పండగ అయ్యాక మొత్తం ఏడు రోజులూ కూర్చోనిచ్చేవాళ్ళు! నాలుగు రోజుల తేడాకి నా ఏడుపు నా దగ్గర్నుంచి లాక్కున్నట్టు అనిపించింది. ఇది జరిగి తొమ్మిదేళ్ళు, ఇంకా పోలేదు ఆ మంట.

బాపట్ల టు ఎడిసన్:
దీనికి నా దగ్గర సమాధానం లేదు అన్నా. ఉందని చెబితే అబద్ధం.

జగిత్యాల చెల్లె:
నేను యూదురాలిని కాదు, చర్చకు రావొచ్చో లేదో తెల్వదు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నా, రెహోవోత్‌లో. మా సవ్తాకు (ఇక్కడ అమ్మమ్మను అట్లనే అంటరు) 88 ఏండ్లు. అన్నయ్య టైమ్ టేబుల్ అన్నందుకు రాస్తున్న.

ఇక్కడ యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే రోజు ఒకటుంది, ఏప్రిల్‌లోనో మేలోనో వస్తది. ముందురోజు రాత్రి 8 గంటలకు ఒక నిమిషం సైరన్, తెల్లారి 11 గంటలకు రెండు నిమిషాలు. రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ ఆపి దిగి నిలబడతరు. మా సవ్తా మామూలుగా కుర్చీలోంచి లేవాలంటే నేను రెండు చేతులు పట్టాలె. ఆ రోజు మాత్రం నన్ను పట్టుకోనియ్యదు. వాకర్ మీద పడి, మోకాళ్ళు వణుకుతుంటే, రెండు నిమిషాలు నిలబడ్డది. తమ్ముడు 1973 యుద్ధంలో పోయిండట. ఇగ అదే రోజు పొద్దుగూకంగనే స్వాతంత్ర్య దినోత్సవం మొదలు. నడుమ ఒక్క రోజు గ్యాప్ కూడా ఇవ్వరు. పటాకులు, పాటలు, కింద పార్కింగ్‌లో మాంసం కాల్చుడు. మొదటి ఏడాది నాకు మస్తు కోపం వచ్చింది, గిట్ల ఎట్ల మారుతరు అని. సవ్తాను అడిగిన. "నాకైతే రెండూ ఒకే రోజు" అన్నది. ఇంకేం చెప్పలే, లిప్‌స్టిక్ తెమ్మన్నది.

దీపాల వేళ:
చెల్లీ, నువ్వు రాకూడని చోటికి రాలేదు. 2023 అక్టోబరులో నువ్వు అక్కడే ఉన్నావా?

జగిత్యాల చెల్లె:
ఉన్నా అక్కా. 7వ తారీఖు శనివారం పొద్దున ఆరున్నరకు సైరన్. ఆ రోజు వీళ్ళ పండగ, తోరా (ధర్మశాస్త్రం) చుట్టలను ఎత్తుకొని నాట్యం చేసే రోజు. పై ఇంటాయన తెల్లచొక్కా వేసుకొని గుడికి పోవడానికి మెట్లు దిగుతున్నడు, మమాద్‌కు (గట్టి గోడల గది) పరుగెత్తినం. సబ్బాతు కాబట్టి వాళ్ళు ఫోన్ ముట్టరు, మా ఫోన్లలో మేం చూసి చెప్పినం. హమాస్ దాడిల 1,200 మంది దాకా పోయిండ్రు, 251 మందిని ఎత్తుకపోయిండ్రు అన్న లెక్కలు తర్వాత తెలిసినయి. మా వైపు నుంచి అమ్మ రోజుకు ఇరవైసార్లు ఫోన్, వచ్చెయ్ బిడ్డా అని. సవ్తాను ఒక్కదాన్ని వదిలి ఎట్ల వస్త?

మరుసటేడు అదే పండగ వచ్చినప్పుడు పై ఇంటాయన నాట్యం చెయ్యాల్నా వద్దా అని గుడిల పెద్ద పంచాయితీ అయిందని చెప్పిండు. చివరికి ఒక్క చుట్టు పాట లేకుండ తిరిగిండ్రట, తర్వాత చుట్లు పాడుకుంట. ఇగ 2025ల బతికున్న ఆఖరి 20 మంది బందీలను అక్టోబరు 13న వదిలిండ్రు, ఆ సాయంత్రమే మళ్ళ ఆ పండగ మొదలు. టీవీల చూసి సవ్తా చప్పట్లు కొడుతుంటే, పక్కింటామె ఒకతి మా తలుపు కాడ నిలబడి ఏడ్చింది, ఆమె చెల్లె కొడుకు శవమై వచ్చినవాళ్ళలో ఉన్నడు. సవ్తా చప్పట్లు ఆపలే. ఒక చెయ్యి ఆమెకిచ్చి, ఇంకో చేత్తో తొడ మీద కొట్టుకుంట కూసున్నది.

పొన్నూరు రోడ్:
ఈ పోస్టు మూడుసార్లు చదివాను.

గెస్ట్ 77:
అక్కడి వాళ్ళ ఏడుపే ఏడుపా? గాజాలో పోయిన పిల్లల సంగతి ఏంటి? వాళ్ళ తల్లులకి ఎన్ని రోజులు?

నిర్వాహకుడు:
ఈ చర్చ ఒకావిడ తన తల్లి గురించి అడిగింది. రాజకీయాలకి వేరే విభాగం ఉంది.

సికింద్రాబాద్ మలీదా:
నిర్వాహకుడు గారూ, తీసేయకండి. గెస్ట్ గారు వచ్చిన తీరు బాగోలేదు గాని ప్రశ్న బయటిది కాదు. పస్కా రాత్రి ఐగుప్తు మీదికొచ్చిన పది తెగుళ్ళు చదివేటప్పుడు ఒక్కో దానికి ద్రాక్షరసం ఒక్కో చుక్క గిన్నెలోంచి తీసేస్తాం కదా, మన విడుదల కోసం ఎవరో చచ్చారు కాబట్టి మన గిన్నె నిండుగా ఉండకూడదు అని మా అమ్మ చెప్పేది. 2024 పస్కాలో మా ఇంట్లో మా పెద్దాడు పది చుక్కలయ్యాక ఇంకో చుక్క తీశాడు. ఎవరికి అని అడిగితే గాజా అన్నాడు. మా బావ లేచి చెయ్యి కడిగేసుకున్నాడు, ఆయన అక్క మనవడు అక్కడ సైన్యంలో ఉన్నాడు. ఆ రాత్రి భోజనం ఎవరూ సరిగా చేయలేదు. నేను ఎవరి వైపూ మాట్లాడలేదు, ఇప్పటికీ ఏం మాట్లాడి ఉండాల్సిందో తెలీదు. ఆ చుక్క తెల్లదుప్పటి మీద పడింది, మరక పోలేదు. అంతే, ఇంతకన్నా ఈ విషయం మీద నేను రాయను.

బాపట్ల టు ఎడిసన్:
బరువెక్కిపోయింది, కాస్త తేలిక చేస్తాను. మా మామగారు పోయినప్పుడు ఏడు రోజులు కూర్చోవడాన్ని "శివా" అంటారని, శివా ఉంది అమ్మా, వారం దాకా ఫోన్ చేయలేను అని బాపట్లకి చెప్పాను. మా అమ్మ పొంగిపోయింది. అల్లుడిగా వాళ్ళింట్లో ఏడు రోజులు శివుడికి పూజ చేయిస్తున్నానని వీధంతా చెప్పేసింది. తర్వాత విషయం తెలిసి తిట్టింది గాని, ఒకటి మాత్రం ఆమెకి బాగా తెలిసినట్టే అనిపించింది. చావింటికి వెళ్ళి ముందు నోరెత్తకూడదు, ఏడ్చేవాళ్ళు మాట్లాడితేనే మాట్లాడాలి అని నేను చెబితే, "మరి? అది కూడా పుస్తకంలో రాయాలా?" అంది.

అక్కగారు ఎర్రపప్పు అన్నారు కదా. ఆ పప్పుగింజ గుండ్రంగా, ఎక్కడా చీలిక లేకుండా ఉంటుంది, దానికి నోరు లేదు, దుఃఖంలో ఉన్నవాడికీ నోరు లేదు, అందుకే ఆ పప్పు పెడతారని తల్మూద్‌లో (పాత రబ్బీల చర్చల గ్రంథం) ఉంది. మసూర్ పప్పు పొట్టు తీసి చూడండి, రెండు బద్దలవుతుంది, అది వేరే విషయం.

మలీదా అన్నా, మీకు సమాధానంగా కాదు గాని ఒక కథ చెబుతాను. రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక (అది 70వ సంవత్సరం) కొంతమంది మాంసం, ద్రాక్షరసం మానేశారు. బలిపీఠం మీద మాంసం అర్పించేవాళ్ళం, ఇప్పుడది లేదు, మనమెలా తింటాం అని. రబ్బీ యెహోషువ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మరి రొట్టె కూడా అర్పించేవాళ్ళు కదా, రొట్టె మానేయండి అన్నాడు. పళ్ళతో బతుకుతాం అన్నారు. మొదటి పళ్ళు కూడా తెచ్చేవాళ్ళుగా అన్నాడు. వేరే పళ్ళు తింటాం అన్నారు. నీళ్ళు కూడా పోసేవాళ్ళుగా అన్నాడు. అప్పుడు నోరు మూశారు. ఆయన అన్నదేంటంటే, అసలు ఏడవకుండా ఉండటం కుదరదు, మరీ ఎక్కువ ఏడవడమూ కుదరదు. ఇల్లు కట్టుకుని గోడలకి సున్నం వేసుకోండి, చిన్న ముక్క మాత్రం వేయకుండా వదిలేయండి. ఇప్పటికీ కొందరి ఇళ్ళలో వీధి తలుపుకి ఎదురుగా మూరెడు జాగా అలా వదిలేసి ఉంటుంది.

పొన్నూరు రోడ్:
అన్నా, మా పేటలో ఆ లెక్కన అందరం మహా భక్తులం. మూరెడు సున్నం వేసి మిగతాదంతా వదిలేశాం.

సికింద్రాబాద్ మలీదా:
😀 నిజంగా నవ్వించావు అబ్బాయ్.

గోడ అన్నందుకు గుర్తొచ్చింది. ముంబైలో నారిమన్ హౌస్‌కి వెళ్ళాను కొన్నేళ్ళ కిందట. 2008 నవంబరు 26న దాడి జరిగిన ఇల్లు. రబ్బీ దంపతులు గావ్రియేల్, రివ్కా హోల్ట్జ్‌బర్గ్ ఇద్దరినీ చంపేశారు. రెండేళ్ళు కూడా నిండని వాళ్ళ బాబు మోషేని ఆయా సాండ్రా శామ్యూల్ ఎత్తుకుని బయటపడింది. పై అంతస్తులో గోడల మీద తూటాల గుర్తులు అలాగే ఉంచారు, సున్నం వేయలేదు. నేను వెళ్ళిన రోజు కింద అంతస్తులో ఎవరో పిల్లాడి పుట్టినరోజు. బెలూన్ల గాలి ఊదే మిషన్ చప్పుడు పైదాకా వినిపిస్తోంది. నాతో వచ్చిన మా ఆవిడ ముందు చిరాకు పడింది. తర్వాత దిగి వెళ్ళి కేకు తిన్నది, నేను తినలేదు.

అక్కా, డప్పు విషయం మీద నా ఓటు పెట్టించమనే. మా పెళ్ళిళ్ళలో ముందురోజు మెహెందీ, పాటలు లేకపోతే పెళ్ళే కాదు. నేను నియమాల మీద చిరాకు పడతాను గాని, ఆ నియమాల్లోనే ఒకటుంది: శవయాత్ర, పెళ్ళి ఊరేగింపు ఒకే వీధిలో ఎదురైతే శవం పక్కకి జరగాలి, పెళ్ళికూతురికి దారి ఇవ్వాలి.

బాపట్ల టు ఎడిసన్:
అవును, పాతకాలపు యూదు రాజు అగ్రిప్ప కూడా పెళ్ళికూతురికి దారి ఇచ్చాడు, పండితులు మెచ్చుకున్నారు.

దీపాల వేళ:
ఇదే నన్ను తినేస్తోంది. మా ఊళ్ళో చావుకీ డప్పే, పెళ్ళికీ డప్పే. డప్పు మా ఇంటి వాద్యం, మా తాత వాయించేవాడు. దరువు మారుతుంది అంతే. అమ్మ పోయిన రోజు మేం వద్దన్నా మా మేనమామ వాళ్ళు డప్పు పిలిపించారు, గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు. అతనే ఇప్పుడు పెళ్ళికీ వస్తున్నాడు. ఆ చర్మం మీద కర్ర పడగానే నాకు ఏ దరువు వినిపిస్తుందో నాకే తెలీదు.

ఇంకో సంగతి, దుఃఖానికి గుర్తుగా జాకెట్టు ఎడమ పక్క చింపుకున్నాను కదా అమ్మ కోసం. అమ్మానాన్నల కోసం చింపింది నెల దాటాక పైపైన టాకాలు వేసుకోవచ్చు గాని, చిరుగు కనపడకుండా ఎప్పటికీ కుట్టకూడదట. మా టైలర్ చూసి "ఇది రఫ్ఫు చేసి ఇస్తా అక్కా, అస్సలు తెలీదు" అంటాడు. వద్దయ్యా అంటే విచిత్రంగా చూశాడు.

బాపట్ల టు ఎడిసన్:
అక్కగారూ, మన పెళ్ళిలో గాజు గ్లాసు పగలగొట్టడం గురించి ఒక్క మాట, తర్వాత నేను నోరు మూసుకుంటాను. అందరూ ఆలయం గుర్తుకి అంటారు, నిజమే. కానీ తల్మూద్‌లో దానికంటే పాత సంగతి ఒకటుంది. మార్ బర్ రవీనా కొడుకు పెళ్ళిలో రబ్బీలు మరీ హుషారుగా ఉంటే, 400 జూజుల (ఆనాటి వెండి నాణేలు) గ్లాసు తెప్పించి వాళ్ళ ముందు పగలగొట్టాడు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. అక్కడే రబ్బీ హమ్నూనా అనే ఆయన్ని పాట పాడమన్నారు. ఆయన "అయ్యో మనం చచ్చిపోతాం, అయ్యో మనం చచ్చిపోతాం" అని ఎత్తుకున్నాడు. పెళ్ళిలో! వీళ్ళేమో మరి మేం పల్లవి ఏం అందుకోవాలి అని అడిగారు. ఎవరూ లేచి వెళ్ళలేదు, ఆపమని కూడా అనలేదు, వంత పాడటానికి సిద్ధపడ్డారు. ఈ ముక్క నాకు భలే ఇష్టం.

జగిత్యాల చెల్లె:
అక్కా, పెళ్ళి ఫోటోలు పెట్టు. భోజనం ఏం పెడుతున్నవ్?

దీపాల వేళ:
అదింకో యుద్ధం. కోడి పెడితే పెరుగు ఉండకూడదు, పెరుగు లేని పెళ్ళి భోజనమా అని మా వియ్యపురాలు. పైగా మన పద్ధతిలో కోసేవాళ్ళు దొరకాలి. చివరికి శాకాహారమే: పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, సాంబారు, గడ్డపెరుగు. మాంసం లేని పెళ్ళి అని మా మేనమామలు అలిగారు, పెళ్ళినాటికి దిగొస్తారు లెండి.

దీపాల వేళ:
(17 రోజుల తర్వాత) అందరికీ షాలోమ్. పెళ్ళి అయిపోయింది. మొన్ననే రాద్దామనుకున్నాను, చేతులు రావట్లేదు, భుజాలు పట్టేశాయి.

డప్పు వచ్చింది. అతను ముందే నా దగ్గరికి వచ్చి "అక్కా, మీరు లోపల వంటల కాడ ఉన్నప్పుడు మొదలెట్టమంటారా?" అని అడిగాడు. నేనేమీ చెప్పకుండానే. సరే అన్నాను. పందిట్లో అమ్మాయి, అల్లుడు నాలుగు కర్రల గుడ్డ కింద నిలబడి ఆశీర్వాదాలు అయినంతసేపూ అక్కడే ఉన్నాను. గ్లాసు తువ్వాలులో చుట్టి ఇచ్చాం, అల్లుడు మొదటిసారి తొక్కితే జారింది, రెండోసారికి పగిలింది. మజెల్ తోవ్ (శుభం) అని అరిచారు, మా చర్చి చుట్టాలు హల్లెలూయా అన్నారు, రెండూ కలిసిపోయాయి. అప్పుడు నేను వెనక్కి వెళ్ళి సాంబారు బకెట్ అందుకున్నాను.

మూడు బంతులు వడ్డించాను. పెళ్ళికూతురి తల్లి వడ్డించడమేంటని ఒకరిద్దరు అడిగారు, మా అమ్మకి అని చెప్పాను, ఎంత అర్థమైందో తెలీదు. డప్పు మొదలైనప్పుడు చెయ్యి వణికి ఒకాయన ప్యాంటు మీద సాంబారు పోశాను. ఆయన ఎవరో కాదు, పొన్నూరు రోడ్ తమ్ముడే. ఆ మాట ఇక్కడ రాయొద్దు అన్నాడు. ఇద్దరం నవ్వాం, నేను చాలాసేపు నవ్వాను, అలా నవ్వుతూ వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మా అమ్మాయి పట్టుచీరతోనే వచ్చి పక్కన కూర్చుంది. అమ్మమ్మ ఉంటే సాంబారులో ఉప్పు తక్కువైంది అనేది అంది. తక్కువే అయింది.

పొన్నూరు రోడ్:
రాయొద్దు అన్నానా లేదా? 🙂 ప్యాంటు తెల్లది అండీ, అది కూడా చెప్పు అక్కా.

సికింద్రాబాద్ మలీదా:
అమ్మాయికీ అబ్బాయికీ మా ఇంటి నుంచి ఆశీస్సులు. ఆ టైలర్‌కి ఇచ్చారా జాకెట్టు?

దీపాల వేళ:
ఇవ్వలేదు అన్నా. నేనే నాలుగు టాకాలు వేసుకున్నాను, వంకరగా వచ్చాయి. ఇంకా గిన్నెలు తిరిగి ఇచ్చే పని ఉంది, షామియానా వాళ్ళు లెక్క చూస్తే రెండు గరిటెలు తగ్గాయి. పొన్నూరు రోడ్ తమ్ముడూ, మీ అమ్మని ఒకసారి మీ సామాన్లలో చూడమని చెప్పు.